ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్‌లో ఏ పనికి ఏ నిర్వాహక ఖాతాతో బైండ్ కావాలి?

పెన్నా తీరం:

అందరికీ నమస్కారం. మా ఇంజనీరింగ్ కళాశాలలో విద్యార్థులకూ అధ్యాపకులకూ అన్ని చోట్లా ఒకే లాగిన్ ఉండాలన్న ఉద్దేశంతో డెబియన్ 12 మీద ఓపెన్‌ఎల్‌డాప్ (అందరి ఖాతాల వివరాలను ఒకేచోట డైరెక్టరీగా దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఏర్పాటు చేశాము. దానికి ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడిల్‌ను, గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ కోహాను, ల్యాబ్‌లలోని లైనక్స్ కంప్యూటర్లను కలపాలి. ప్రతి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల పేజీలోనూ బైండ్ డీఎన్ (డైరెక్టరీలోకి లాగిన్ కావడానికి, అంటే బైండ్ కావడానికి వాడే ఖాతా పూర్తి పేరు) ఏమిటి, దాని పాస్‌వర్డ్ ఏమిటి అని అడుగుతోంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాస్‌వర్డ్ పెట్టిన ‘సీఎన్=అడ్మిన్,డీసీ=కళాశాల,డీసీ=ఇన్’ ఇస్తే అన్నీ పనిచేస్తున్నాయి.

అయితే ఒక్కో మార్గదర్శిలో ఒక్కో పేరు కనిపిస్తోంది. ఒకచోట ‘సీఎన్=అడ్మిన్,సీఎన్=కాన్ఫిగ్’ అని ఉంది, దానితో నాకు లాగిన్ కుదరడం లేదు. మరొకచోట ‘సీఎన్=డైరెక్టరీ మేనేజర్’ అని ఉంది, దానికి 49వ నంబరు ఎర్రర్ వస్తోంది. ఇంకొకచోట పాస్‌వర్డే లేకుండా, సర్వర్‌లో రూట్ యూజర్‌గా లోకల్ సాకెట్ (ఆ యంత్రం లోపలి నుంచే ఉండే దారి) ద్వారా వెళ్లమన్నారు. వీటిలో సరైన నిర్వాహక ఖాతా ఏది? మూడిల్‌కూ కోహాకూ దేనిని ఇవ్వాలి?

మంజీర:

పెన్నా తీరం గారూ, మీరు చెప్పిన పేర్లు ఒకే పదవికి ఉన్న వేర్వేరు పిలుపులు కావు. అవి వేర్వేరు తలుపులు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

‘సీఎన్=అడ్మిన్,డీసీ=కళాశాల,డీసీ=ఇన్’ అనేది మీ డేటాబేసుకు రూట్ డీఎన్, అంటే సర్వాధికార ఖాతా పేరు. సర్వర్ ఆకృతీకరణలో ఓఎల్‌సీ రూట్ డీఎన్ అనే ఆట్రిబ్యూట్‌లో (ఒక్కో వివరాన్ని దాచే గడిలో) ఈ పేరు, ఓఎల్‌సీ రూట్ పీడబ్ల్యూ అనే ఆట్రిబ్యూట్‌లో దాని పాస్‌వర్డ్ హ్యాష్ ఉంటాయి. ఈ పేరుతో వచ్చినవారి విషయంలో సర్వర్ ఏసీఎల్ నియమాలను (ఎవరు దేనిని చదవవచ్చో, మార్చవచ్చో చెప్పేవి) అసలు చూడదు. శోధన ఫలితాల పరిమితి వారికి వర్తించదు, పాస్‌వర్డ్ పాలసీలోని చాలా నిబంధనలూ వర్తించవు. అందుకే మీరు ఎక్కడ ఇచ్చినా అది పనిచేస్తోంది. అది పనిచేసిందంటే మీ అనుమతులు సరిగా ఉన్నాయని అర్థం కాదు, అనుమతులను ఎవరూ తనిఖీ చేయలేదని మాత్రమే అర్థం.

‘సీఎన్=అడ్మిన్,సీఎన్=కాన్ఫిగ్’ మీ విద్యార్థుల డేటాకు సంబంధించినది కాదు. సర్వర్ తన సెట్టింగులను దాచుకునే సీఎన్=కాన్ఫిగ్ అనే డేటాబేసుకు అది రూట్ డీఎన్. డెబియన్ దానికి పేరు మాత్రం పెడుతుంది, పాస్‌వర్డ్ పెట్టదు. అందువల్లనే మీకు లాగిన్ కుదరలేదు. ఆ పని కోసం డెబియన్ ఉద్దేశించిన దారి మీరు చివర చెప్పిన లోకల్ సాకెట్. ఎల్‌డాప్‌ఐ చిరునామాతో, సాసల్ ఎక్స్‌టర్నల్ పద్ధతిలో, రూట్ యూజర్‌గా కనెక్ట్ అయితే, అవతల ఉన్నది ఎవరో సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడిగి తెలుసుకుంటుంది. అక్కడ హూయామై (నేనెవరు అని అడిగే) ఆదేశం ఇచ్చి చూడండి: జీఐడీ నంబర్=0, యూఐడీ నంబర్=0 అని మొదలై పీర్‌క్రెడ్, ఎక్స్‌టర్నల్, ఆథ్ అన్న మాటలతో ముగిసే పొడవాటి డీఎన్ కనిపిస్తుంది. ఆ డీఎన్‌కు సీఎన్=కాన్ఫిగ్ మీద మేనేజ్ స్థాయి అధికారం ఉంది. డెబియన్ ఇచ్చిన మొదటి నియమాల ప్రకారం విద్యార్థుల డేటా మీద మాత్రం దానికి చదివే హక్కే ఉంటుంది. ఈ తేడా తెలియక, సాకెట్ ద్వారా వెళ్లి విద్యార్థి ఎంట్రీ (డైరెక్టరీలో ఒక్కొక్కరి నమోదు) చేర్చబోయి, అనుమతి లేదనే 50వ నంబరు ఎర్రర్ చూసి తికమకపడేవారు చాలామంది.

‘సీఎన్=డైరెక్టరీ మేనేజర్’ మీ సర్వర్‌లో లేనే లేదు. అది 389 డైరెక్టరీ సర్వర్‌కు, నెట్‌స్కేప్ వంశం నుంచి వచ్చిన మరికొన్నింటికి చెందిన పేరు. లేని పేరుతో వచ్చినా, ఉన్న పేరుకు తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా ఓపెన్‌ఎల్‌డాప్ 49 అనే బదులిస్తుంది. ఏ పేరు ఉందో ఏది లేదో బయటివారికి తెలియకూడదని అలా చేస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు జవాబు: మూడిల్‌కూ కోహాకూ వీటిలో ఏదీ ఇవ్వకూడదు. ఒక్కొక్కదానికి వేరుగా, కావలసినవి చదివే హక్కు మాత్రమే ఉన్న సర్వీసు ఖాతా సృష్టించి ఇవ్వాలి.

కొల్లేరు:

మంజీర గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. రూట్ డీఎన్‌కు డైరెక్టరీలో ఎంట్రీ ఉండనవసరం లేదు, కానీ పాత డెబియన్ విడుదలలు అదే పేరుతో ఒక ఎంట్రీని కూడా సృష్టించేవి. అలాంటి సర్వర్‌ను ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినచోట ఈ ఎంట్రీ ఇంకా మిగిలి ఉంటుంది. నిర్వాహకుడు మారినప్పుడు కొత్తవారు పీహెచ్‌పీ ఎల్‌డాప్ అడ్మిన్ వంటి పరికరంలో ఆ ఎంట్రీని తెరిచి, యూజర్ పాస్‌వర్డ్ మార్చి, పాత పాస్‌వర్డ్ పోయిందనుకుంటారు. అది పోదు. ఎమ్‌డీబీ రకం డేటాబేసులో సర్వర్ మొదట ఆకృతీకరణలోని రూట్ పాస్‌వర్డ్‌తో పోల్చి చూస్తుంది, సరిపడకపోతే ఎంట్రీలోని దానితో పోల్చే అవకాశం ఇస్తుంది. అంటే పాతదీ కొత్తదీ రెండూ చెల్లుతాయి. మీది డెబియన్ 12 మీద కొత్తగా పెట్టిన సర్వర్ కాబట్టి మీకు ఈ చిక్కు ఉండకపోవచ్చు. అయినా ఆ డీఎన్‌ను బేస్‌గా పెట్టి ఒకసారి వెతికి, ఎంట్రీ లేదని నిర్ధారించుకోండి.

నల్లమల:

ఇక్కడ ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. పెద్ద సంస్థల పద్ధతులను ఒకే వ్యక్తి నడిపే కళాశాల సర్వర్ మీద మోపడం వల్ల ఆ వ్యక్తికి భారం పెరుగుతుందే తప్ప భద్రత పెరగదు. ఖాతాలు ఎన్ని ఉంటే పాస్‌వర్డ్‌లు అన్ని, మరచిపోయే అవకాశాలు అన్ని, తప్పుగా రాసే ఏసీఎల్‌లు అన్ని. సర్వర్ క్యాంపస్ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. దృఢమైన పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, అడ్మిన్ ఖాతానే జాగ్రత్తగా వాడుకుంటే పని సాఫీగా సాగదా? తప్పుగా రాసిన ఏసీఎల్ వల్ల పరీక్షల రోజున ల్యాబ్‌లో ఎవరూ లాగిన్ కాలేని పరిస్థితి వస్తే దానికి ఎవరు జవాబు చెప్పాలి?

తుంగభద్ర:

నల్లమల గారి ఆందోళనలో న్యాయం ఉంది. ఏసీఎల్‌ను పరీక్షించకుండా మార్చడం ప్రమాదమే. కానీ అడ్మిన్ ఖాతాను “జాగ్రత్తగా వాడుకోవడం” అన్నమాట అప్లికేషన్ల విషయంలో నిలవదు. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండదు, కోహా వారి ఎక్స్‌ఎంఎల్ ఆకృతీకరణ ఫైలులో, మూడిల్ డేటాబేసులో, ప్రతి ల్యాబ్ కంప్యూటర్‌లో లాగిన్‌లు చూసే ఎస్‌ఎస్‌ఎస్‌డీ సర్వీసు ఫైలులో తిరిగి చదవగలిగే రూపంలో ఉంటుంది. మూడిల్‌లో ఏదో ప్లగిన్ లోపం వల్ల డేటాబేసు బ్యాకప్ బయటకు పొక్కిందనుకోండి, దానితోపాటు విద్యార్థులందరి ఖాతాల మీద సర్వాధికారం కూడా బయటకు పోతుంది. పాలు పోసి వెళ్లే మనిషికి బీరువా తాళం ఇచ్చినట్లే ఇది. ఆ మనిషి మంచివాడే కావచ్చు, కానీ అతనికి ఆ తాళంతో పని లేదు.

మూడిల్‌కు నిజంగా కావలసినదేమిటో చూడండి. విద్యార్థి తన లాగిన్ పేరు టైపు చేస్తాడు. మూడిల్ ఆ పేరుకు సరిపడే ఎంట్రీని వెతికి, దాని పూర్తి డీఎన్ తెలుసుకుంటుంది. ఆ తరువాత ఆ డీఎన్‌తో, విద్యార్థి ఇచ్చిన పాస్‌వర్డ్‌తో మళ్లీ బైండ్ అవుతుంది. బైండ్ కుదిరితే లాగిన్ కుదిరినట్లు. ఈ క్రమంలో బైండ్ ఖాతా చేసేది వెతకడం, పేరు, ఈమెయిల్ వంటి కొన్ని ఆట్రిబ్యూట్‌లు చదవడం మాత్రమే. పాస్‌వర్డ్ హ్యాష్‌ను అది చూడనవసరం కూడా లేదు.

మరో సంగతి. ఇవాళ నిర్వాహకుడు ఒక్కరే కావచ్చు, వచ్చే ఏడు ఇద్దరవుతారు, ఒకరు ఉద్యోగం మారతారు. ప్రతి ఎంట్రీ మీద దాన్ని సృష్టించినవారి పేరు క్రియేటర్స్ నేమ్‌లో, చివరిసారి మార్చినవారి పేరు మాడిఫయర్స్ నేమ్‌లో సర్వర్ దానంతట అదే రాస్తుంది. శోధనలో ప్లస్ గుర్తు అడిగితే అవి కనిపిస్తాయి. అందరూ రూట్ డీఎన్‌తోనే వస్తే అన్ని ఎంట్రీల మీదా ఒకే పేరు ఉంటుంది. మూడిల్ మార్చిందో, మనిషి మార్చాడో, ఏ మనిషి మార్చాడో చెప్పడానికి ఏ ఆధారమూ మిగలదు.

పెన్నా తీరం:

చాలా స్పష్టంగా వివరించారు, అందరికీ ధన్యవాదాలు. ఓయూ=సర్వీసెస్ అనే శాఖ కింద మూడిల్‌కు, కోహాకు, ల్యాబ్‌లకు వేర్వేరు ఎంట్రీలు సృష్టించాను. లాగిన్ పనిచేస్తోంది. అయితే రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది, మూడిల్ రాత్రిపూట అందరి ఖాతాలనూ సరిచూసే పనిలో 500 మందితో ఆగిపోతోంది, మా విద్యార్థులు రెండు వేలకు పైగా ఉన్నారు. అడ్మిన్ ఖాతాతో ఈ ఇబ్బంది రాలేదు. రెండవది, కార్యాలయంలో ఇద్దరు ఉద్యోగులు విద్యార్థుల పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయాలి, కొత్త ప్రవేశాలను చేర్చాలి. వారి సొంత ఖాతాలతో ప్రయత్నిస్తే 50 వస్తోంది.

మంజీర:

ఈ రెండు ఎర్రర్ల దగ్గరే చాలామంది ఓపిక నశించి మళ్లీ అడ్మిన్ ఖాతాకు వెళ్లిపోతారు. మీరు ఆగి అడిగినందుకు సంతోషం.

500 అనేది ఓపెన్‌ఎల్‌డాప్ సహజంగా పెట్టుకునే శోధన పరిమితి. రూట్ డీఎన్‌కు అది వర్తించదు కాబట్టి ఇంతకుముందు మీకు కనిపించలేదు. పేజీలుగా అడిగినా మొత్తం ఆ పరిమితిని దాటదు. దీనికి పరిష్కారం అధికారం పెంచడం కాదు, పరిమితిని పెంచడం. డేటాబేసు ఆకృతీకరణలో ఓఎల్‌సీ లిమిట్స్ అనే ఆట్రిబ్యూట్ ఉంది. మూడిల్ ఖాతా డీఎన్ ఒక్కదానికే అందులో పరిమితి ఎత్తివేయండి, మిగిలినవారికి 500 అలాగే ఉండనివ్వండి.

50 అంటే మీరెవరో సర్వర్‌కు తెలుసు, కానీ ఆ పనికి మీకు అనుమతి లేదు అని. 49కీ దీనికీ ఉన్న తేడాను ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. 49 వస్తే పేరునూ పాస్‌వర్డ్‌నూ చూడాలి, 50 వస్తే ఏసీఎల్‌ను చూడాలి. డెబియన్ మొదట ఇచ్చే నియమాలు మూడే: పాస్‌వర్డ్‌ను దాని యజమాని మార్చుకోవచ్చు, దానితో లాగిన్ కావచ్చు, ఇతరులెవరూ చూడకూడదు అన్నది ఒకటి, షాడో లాస్ట్ ఛేంజ్ అనే ఆట్రిబ్యూట్‌కు ఒకటి, మిగిలినదంతా ఎవరైనా చదవవచ్చు అన్నది ఒకటి. ఆ మూడవది చదివి నాకు ఎప్పుడూ దిగులు వేస్తుంది. ఎవరైనా అంటే లాగిన్ కానివారు కూడా. మీరు విద్యార్థుల ఫోన్ నంబర్లు, చిరునామాలు అందులో పెట్టి ఉంటే క్యాంపస్ వైఫైలో ఉన్న ప్రతి ఒక్కరూ వాటిని చదవగలరు. మీరు సృష్టించిన సర్వీసు ఖాతాలకు అర్థం ఉండాలంటే ముందు ఆ నియమాన్ని మార్చి, అనామకులకు చదివే హక్కు తీసేసి, సర్వీసు ఖాతాలకు కావలసిన ఆట్రిబ్యూట్‌ల మీద మాత్రమే ఇవ్వాలి.

కార్యాలయ ఉద్యోగుల కోసం గ్రూప్ ఆఫ్ నేమ్స్ రకం గ్రూపు ఒకటి సృష్టించి, నియమంలో వ్యక్తుల పేర్లు కాకుండా ఆ గ్రూపు పేరు రాయండి. ఈ రకం గ్రూపులో కనీసం ఒక సభ్యుడైనా ఉండి తీరాలి, ఖాళీగా సృష్టించబోతే సర్వర్ ఒప్పుకోదు. కొత్త ఎంట్రీ చేర్చడానికి, ఆ ఎంట్రీలో రాసే హక్కుతో పాటు, పైనున్న శాఖ మీద చిల్డ్రన్ అనే ఊహా ఆట్రిబ్యూట్‌లో రాసే హక్కు కూడా కావాలి. పాత ఎంట్రీలు మార్చగలుగుతూ కొత్తవి చేర్చలేకపోవడానికి ఎక్కువగా కారణం ఇదే.

నియమాల వరుస చాలా ముఖ్యం. సర్వర్ పై నుంచి చదువుతూ, అడిగిన వస్తువుకు సరిపడే మొదటి నియమం దగ్గర ఆగుతుంది. అందులో అడిగినవారికి సరిపడే మొదటి మాట దగ్గర ఆగుతుంది. ఎవరూ సరిపడకపోతే ఏ హక్కూ లేదన్నట్లే. పాస్‌వర్డ్ నియమాన్ని తిరగరాసేటప్పుడు అనామకులకు ఆథ్ హక్కు ఇచ్చే మాటను పొరపాటున తీసేయవద్దు. లాగిన్ అయ్యే క్షణం వరకు ప్రతివారూ అనామకులే కదా, ఆ మాట పోతే మొత్తం కళాశాలకు 49 వస్తుంది. నల్లమల గారు భయపడిన పరీక్షల రోజు పరిస్థితి సరిగ్గా ఇలాగే పుడుతుంది. కొత్త నియమాలను ముందుగా మరో యంత్రంలో డేటా నకలు మీద పెట్టి, స్లాప్‌ఏసీఎల్ అనే ఆదేశంతో “ఈ డీఎన్‌కు ఈ ఎంట్రీలోని ఈ ఆట్రిబ్యూట్ మీద ఏ హక్కు ఉంది” అని అడిగి చూసుకోండి.

నాగావళి:

పాస్‌వర్డ్ రీసెట్ హక్కు గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా చోట్ల తప్పుగా జరుగుతోంది. యూజర్ పాస్‌వర్డ్ ఆట్రిబ్యూట్ అంతటి మీద కార్యాలయ గ్రూపుకు రాసే హక్కు ఇస్తే, వారు విద్యార్థుల పాస్‌వర్డ్‌తో పాటు నిర్వాహకుల పాస్‌వర్డ్ కూడా మార్చగలరు. నిర్వాహకుని పాస్‌వర్డ్ మార్చగలిగినవారు నిర్వాహకుని పేరుతో లాగిన్ కాగలరు. మీరు ఇచ్చింది చిన్న హక్కే అనుకుంటారు, నిజానికి మొత్తం ఇచ్చేశారు. కాబట్టి ఆ నియమాన్ని ఓయూ=విద్యార్థులు అనే శాఖకే పరిమితం చేయండి. నిర్వాహకుల ఎంట్రీలు, సర్వీసు ఖాతాలు, గ్రూపులు వేరే శాఖల్లో ఉండాలి, అక్కడ కార్యాలయ గ్రూపుకు ఏ రాత హక్కూ ఉండకూడదు. గ్రూపు ఎంట్రీ విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే సభ్యుల జాబితాలో రాయగలిగినవారు తమ పేరును తామే చేర్చుకోగలరు.

అలాగే నిర్వాహకులకు రోజువారీ ఖాతా వేరు, నిర్వహణ ఖాతా వేరు ఉండాలి. మూడిల్‌లో పాఠం చూడటానికి వాడే పాస్‌వర్డ్‌తో డైరెక్టరీ మార్చే అధికారం ఉండకూడదు. విద్యార్థులు తమ పాస్‌వర్డ్ తామే మార్చుకునే పేజీ పెట్టదలిస్తే, ఎల్‌టీబీ వారి సెల్ఫ్ సర్వీస్ పాస్‌వర్డ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మార్పును ఎవరి హక్కుతో చేయాలన్న ఎంపిక ఉంది. అక్కడ యూజర్ అని పెడితే ఎవరి హక్కుతో వారే మార్చుకుంటారు, మేనేజర్ ఖాతా అవసరం పడదు. ఈమెయిల్ ద్వారా మరచిన పాస్‌వర్డ్ తిరిగి పెట్టుకునే సదుపాయానికి మాత్రం ఒక ఖాతా తప్పదు, దానికీ విద్యార్థుల శాఖలోని పాస్‌వర్డ్ హక్కుకు మించి ఇవ్వవద్దు.

పాస్‌వర్డ్ పాలసీ పెట్టినట్లయితే సర్వీసు ఖాతాలకు వేరే పాలసీ కేటాయించండి. లేకపోతే ఎవరైనా కావాలని మూడిల్ ఖాతాకు వరుసగా తప్పు పాస్‌వర్డ్‌లు ఇచ్చి దానిని లాక్ చేయించగలరు, అప్పుడు మూడిల్‌లోకి ఎవరూ రాలేరు.

మూసీ:

ఈ చర్చను వేరే సర్వర్లు నడిపేవారు కూడా చదువుతారు కాబట్టి వాటి గురించి కొంత రాస్తాను. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 నుంచి ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్యాకేజీ ఆ పంపిణీలో లేదు, అక్కడివారు ఎక్కువగా 389 డైరెక్టరీ సర్వర్‌కో ఫ్రీఐపీఏకో మారారు. 389లో డైరెక్టరీ మేనేజర్ కూడా ఏసీఐ నియమాలకు (అక్కడి అనుమతి నియమాలకు) అతీతమే, దానికీ ఎంట్రీ ఉండదు. అయితే రూట్ డీఎన్ యాక్సెస్ కంట్రోల్ అనే ప్లగిన్‌తో ఆ ఖాతా ఏ ఐపీ చిరునామాల నుంచి, ఏ రోజుల్లో, ఏ వేళల్లో బైండ్ కావచ్చో నిర్ణయించవచ్చు. దానిని ఆ సర్వర్ నుంచి మాత్రమే వాడేలా కట్టుదిట్టం చేయడం నాకు చాలా నచ్చిన ఏర్పాటు. ఫ్రీఐపీఏలో అడ్మిన్ అనేది డైరెక్టరీ మేనేజర్ కాదు, అది హక్కులు ఎక్కువగా ఉన్న మామూలు యూజర్ ఎంట్రీ. అప్లికేషన్ల కోసం సిస్‌అకౌంట్స్ అనే ప్రత్యేక శాఖ ఉంది. ఇంకొకరు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఫ్రీఐపీఏ వెంటనే గడువు తీరినట్లు లెక్కిస్తుంది, యూజర్ మళ్లీ మార్చుకోవాలి. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు రీసెట్ స్క్రిప్టులో డైరెక్టరీ మేనేజర్‌ను పెడతారు, అది తగదు.

మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో పరిస్థితి ఇంకా సులువు, అయినా అక్కడే తప్పు ఎక్కువ. ఏ మామూలు డొమైన్ యూజర్ అయినా చాలా ఆట్రిబ్యూట్‌లు చదవగలడు కాబట్టి, అప్లికేషన్‌కు డొమైన్ అడ్మిన్స్ సభ్యత్వం ఉన్న ఖాతా ఇవ్వడానికి కారణమే లేదు. పాస్‌వర్డ్ రీసెట్ హక్కును ఓయూ (శాఖ) స్థాయిలో డెలిగేట్ చేయవచ్చు, అంటే ఇతరులకు అప్పగించవచ్చు. డెలిగేట్ చేసిన తరువాత కూడా నిర్వాహక గ్రూపుల సభ్యుల మీద అది పనిచేయకపోతే కంగారు పడకండి. అడ్మిన్ ఎస్‌డీ హోల్డర్ అనే ఏర్పాటు ఆ ఖాతాల అనుమతులను 60 నిమిషాలకోసారి తిరిగి రాస్తుంది. నాగావళి గారు ఓపెన్‌ఎల్‌డాప్‌లో చేతితో చేయమన్న రక్షణ అక్కడ ముందే అమర్చి ఉంది.

అపాచీ డీఎస్ అనే డైరెక్టరీ సర్వర్ పెట్టినవారు మాత్రం మొదటి రోజే ఓయూ=సిస్టమ్ కింద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, అది ఇన్‌స్టాల్ చేసిన అందరికీ ఒకటే.

కొల్లేరు:

రెండవ సర్వర్ పెట్టి రెప్లికేషన్ (మొదటి సర్వర్ డేటాను అక్కడా ఒకేలా ఉంచడం) చేసే ఆలోచన ఉంటే దానికీ వేరే ఖాతా కావాలి. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ హ్యాష్‌లతో సహా అన్నీ చదివే హక్కు, పరిమితులు లేకపోవడం అవసరం, రాసే హక్కు అవసరం లేదు. తెచ్చుకున్న మార్పులను రెండవ సర్వర్ తన స్థానిక రూట్ డీఎన్ పేరుతో రాసుకుంటుంది కాబట్టి అక్కడ రూట్ డీఎన్ పేరు ఉండి తీరాలి, కానీ దానికి పాస్‌వర్డ్ ఉండనవసరం లేదు. పేరు ఉండటం వేరు, ఆ పేరుతో ఎవరైనా లాగిన్ కాగలగడం వేరు.

నల్లమల:

సర్వీసు ఖాతాల విషయంలో తుంగభద్ర గారి వాదనను అంగీకరిస్తున్నాను. పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ నిల్వ ఉంటుందన్న కోణంలో నేను ఆలోచించలేదు. అయితే కొల్లేరు గారి చివరి మాట మీద ఒక ప్రశ్న. రూట్ డీఎన్ పాస్‌వర్డ్‌ను మొదటి సర్వర్‌లో కూడా పూర్తిగా తీసేయమంటారా? ఏసీఎల్ తప్పుగా రాసి, నిర్వాహకుల గ్రూపుకే తలుపు మూసుకుపోతే లోపలికి ఎలా వెళ్లాలి? ఆ పాస్‌వర్డ్‌ను ఒక కవరులో పెట్టి, సీలు వేసి, ప్రిన్సిపాల్ గారి గదిలోని అల్మారాలో ఉంచడం మేలని నా అభిప్రాయం.

మంజీర:

తీసేయమనే నా సలహా. నిర్వాహకుల గ్రూపు తలుపు మూసుకుపోయినా లోకల్ సాకెట్ తలుపు మూసుకుపోదు. సర్వర్ యంత్రంలో రూట్‌గా ఉన్నవారికి సీఎన్=కాన్ఫిగ్ మీద మేనేజ్ హక్కు ఉంది కాబట్టి, వారు ఏసీఎల్‌ను సరిదిద్దగలరు, అవసరమైతే ఆ కాసేపటికి రూట్ పాస్‌వర్డ్ కొత్తగా పెట్టి, పని అయ్యాక తీసేయగలరు. కాబట్టి కవరులో దాచవలసినది ఆ యంత్రపు రూట్ పాస్‌వర్డ్ తప్ప డైరెక్టరీది కాదు. నెట్‌వర్క్ మీదుగా ఎక్కడి నుంచైనా ప్రయత్నించగల సర్వాధికార పాస్‌వర్డ్ ఉండటం కంటే, యంత్రం దగ్గరకు రాగలిగినవారికే ఆ అధికారం ఉండటం ఎంతో మేలు.

నిర్వాహకులు నెట్‌వర్క్ మీదుగా తమ సొంత ఖాతాలతో వచ్చేటప్పుడు టీఎల్‌ఎస్ (గుప్తీకరణ) లేని సింపుల్ బైండ్‌ను, అంటే పేరు, పాస్‌వర్డ్‌లతో చేసే లాగిన్‌ను సర్వర్ ఒప్పుకోకుండా చేయండి. 389 పోర్టులో స్టార్ట్ టీఎల్‌ఎస్ అయినా, 636 పోర్టు అయినా సరే. అది లేకపోతే పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్లుగా తీగ మీద ప్రయాణిస్తుంది. స్క్రిప్టులలో పాస్‌వర్డ్‌ను ఆదేశంలోనే రాయకుండా ఫైలు నుంచి చదివించండి. అయితే ఓపెన్‌ఎల్‌డాప్ ఆదేశాలు ఆ ఫైలులోని ప్రతి అక్షరాన్నీ పాస్‌వర్డ్‌లో భాగంగానే తీసుకుంటాయి. ఎడిటర్ చివర చేర్చే కొత్త లైను గుర్తు కూడా అందులోకే వస్తుంది కాబట్టి సరైన పాస్‌వర్డ్‌కే 49 వస్తుంది.

పెన్నా తీరం:

మీరు చెప్పినట్లు గ్రూపులు, శాఖలు, నియమాలు అమర్చాను. కార్యాలయ ఉద్యోగులు ఇప్పుడు విద్యార్థుల పాస్‌వర్డ్ మార్చగలుగుతున్నారు, నిర్వాహకుల శాఖ మీద ప్రయత్నిస్తే 50 వస్తోంది, అదే మనకు కావలసింది. రూట్ పాస్‌వర్డ్ తీసేశాను. ఆ తరువాత టీఎల్‌ఎస్ తప్పనిసరి చేయడానికి ఓఎల్‌సీ సెక్యూరిటీలో ఎస్‌ఎస్‌ఎఫ్=128 (కనెక్షన్‌కు ఉండవలసిన కనీస భద్రతా విలువ) అని పెట్టాను. అప్పటి నుంచి లోకల్ సాకెట్ ద్వారా వెళ్తే గోప్యత అవసరమన్న సందేశంతో 13వ నంబరు ఎర్రర్ వస్తోంది. రెండు తలుపులూ మూసుకుపోయినట్లుంది. దయచేసి దారి చెప్పగలరు.

మంజీర:

డేటా ఎక్కడికీ పోలేదు, నిశ్చింతగా ఉండండి. మీరు పెట్టిన విలువ ప్రతి కనెక్షన్‌కూ వర్తిస్తుంది. లోకల్ సాకెట్ కనెక్షన్‌కు ఓపెన్‌ఎల్‌డాప్ ఇచ్చే భద్రతా విలువ 71, అది 128 కంటే తక్కువ కాబట్టి నిరాకరిస్తోంది. సింపుల్ బైండ్‌కు మాత్రమే 128 అని పెట్టి ఉంటే పాస్‌వర్డ్‌తో వచ్చేవారికే అది వర్తించేది, సాకెట్ మీదుగా ఎక్స్‌టర్నల్ పద్ధతిలో వచ్చేవారికి అడ్డు ఉండేది కాదు.

ఇప్పుడు చేయవలసినది ఇది. ముందు స్లాప్‌డీ సర్వీసును, అంటే ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్‌ను ఆపండి. సీఎన్=కాన్ఫిగ్ ఉన్న డైరెక్టరీని మొత్తంగా వేరేచోటికి నకలు తీసుకోండి. డెబియన్ 12లో ఉన్నది 2.5 విడుదల కాబట్టి మీకు స్లాప్‌మాడిఫై అనే ఆదేశం అందుబాటులో ఉంటుంది. అది నడుస్తున్న సర్వర్‌తో మాట్లాడదు, నేరుగా ఫైళ్లలో మారుస్తుంది, అందుకే దానికి ఏ బైండ్ ఖాతా అవసరం లేదు. 0వ నంబరు డేటాబేసును ఎంచుకుని, ఎస్‌ఎస్‌ఎఫ్ విలువను తొలగించి, దాని స్థానంలో సింపుల్ బైండ్ విలువ 128 పెట్టే ఎల్‌డిఫ్‌ను (మార్పులు రాసిన ఫైలును) దానికి ఇవ్వండి. రూట్‌గా చేసిన ఈ మార్పు వల్ల కొన్ని ఫైళ్ల యాజమాన్యం రూట్‌కు మారవచ్చు, అప్పుడు సర్వీసు మొదలు కాదు. కాబట్టి ఆ డైరెక్టరీ మొత్తాన్నీ తిరిగి ఓపెన్‌ఎల్‌డాప్ యూజర్ పేరుకు మార్చి, ఆ తరువాతే సర్వీసును ప్రారంభించండి. ఆ ఫైళ్లను ఎడిటర్‌తో చేతితో మార్చవద్దు, వాటిలో సరిచూపు సంఖ్య ఉంటుంది, అది తప్పితే సర్వర్ హెచ్చరికలు ఇస్తుంది.

పెన్నా తీరం:

మీరు చెప్పిన వరుసలోనే చేశాను, సర్వీసు మొదలైంది. సాకెట్ ద్వారా హూయామై అడిగితే పీర్‌క్రెడ్ డీఎన్ వస్తోంది. టీఎల్‌ఎస్ లేకుండా మూడిల్ ఖాతాతో ప్రయత్నిస్తే సర్వర్ నిరాకరిస్తోంది, టీఎల్‌ఎస్‌తో అయితే రెండు వేల పైచిలుకు ఎంట్రీలూ వస్తున్నాయి. పాత అడ్మిన్ డీఎన్, పాత పాస్‌వర్డ్ ఇచ్చి టీఎల్‌ఎస్ మీదుగానే చూశాను, 49 వచ్చింది. కోహా ఆకృతీకరణ ఫైలులో ఇంకా పాత అడ్మిన్ పేరే ఉందని దీనివల్లనే తెలిసింది, గ్రంథాలయం లాగిన్ ఆగిపోయింది. దానికి కేటాయించిన సర్వీసు ఖాతా పెట్టి ఇప్పుడే సరిచేశాను.